ఆఖరి పది నిమిషాలు

ఈ సినిమా నేను ఇరవయ్యొక్కసారి చూసిన,
ఆఖరి పది నిమిషాలు మాత్రమే.
చీపురు, నల్ల సంచి, ఫినాయిల్ సీసా పట్టుకొని
రూవీల గీ టాకీసు తలుపు సందున నిలబడేటాళ్లకు
తెర మీద ఒక తండ్రి
వాన ఆగిన వాకిట్ల
పిల్ల సైకిల్‌కు గాలి కొడుతుంటడు.

ఆ పిల్ల ఎట్ల పోయిందో నాకు తెల్వదు.
గాలి కొట్టినంక సైకిల్‌ను పక్కింటి పోరనికిస్తడు.
వయొలిన్లు లేస్తయి.
నడిమి వరుసల ఎవరో కండ్లద్దాలు తీస్తరు.
లైట్లు పడంగనే
ఏడ్చిన మనుషులు గబగబ మొఖాలు మార్చుకొని
కారు తాళాలు దేవులాడుకుంటరు.

తర్వాత హాలు నాది, బిజూది.
ఏడుపు సినిమాకు చెత్త ఎక్కువ.
పాప్‌కార్న్ డబ్బాలు సగం సగం,
కాగితాలు తడిసి కుర్చీల సందుల.
"బతకనీకె వానికి కారణం దొరికింది," అంటడు బిజు,
"రెండు గంటల పది నిమిషాలల్ల."
వాని తెలుగు నా మలయాళం లెక్కనే
కుంటుకుంట నడుస్తది.

మా లింబాద్రి సోహార్ల నిద్రల పోయిండు.
కాగితం మీద గుండె అని రాసిండ్రు.
ముప్పై నాలుగేండ్లు.
పెట్టె కదలనీకె పదిహేడు దినాలు.
ఆ పదిహేడు దినాలు నేను డ్యూటీ చేసిన.
చెయ్యకపోతే ఏం చెయ్యాలె?
పెట్టెతోని పోనీకె నాకు సెలవు దొరకలే.
ఎవరో మెట్‌పల్లి ఆయన
తన బామ్మర్దిని తీస్కపోతుంటే
మా తమ్మున్ని గూడ జత కలిపి పంపినం.
ఆర్మూర్ దిక్కు, వాని కొడుకు కొరివి పట్టుకున్నడట,
మేనమామ చెయ్యి పట్టుకుంటే.

నాకు అచ్చింది వాని సంచి.
రెండు అంగీలు, జండూబామ్, సగం తిన్న తొక్కు సీసా,
అద్దం పగిలిన ఫోను.
తొక్కు మూత నేను తియ్యలే.
తీస్తే అయిపోతది.

ఫోనుకు ఛార్జింగ్ పెట్టిన రాత్రి
అది గుయ్యిమన్నది.
"బాపూ, ఇయ్యాల సారు నన్ను లీడర్ చేసిండు."
అక్షిత్. ఎనిమిదేండ్లు.
తెల్వక పంపుతలేడు,
తెలిసే పంపుతుండు.

విన్న.
రెండు గీతలు నీలం అయినయి.
అటు దిక్కు ఏమనుకున్నడో, తెల్లారి ఇంకొకటి:
"బాపూ, పసుపు ఉడుకపెడుతుండ్రు.
అమ్మ కాలు మీద ఉడుకునీళ్లు పడ్డయి. జరంతే తియ్."

జవాబు రాయ.
నీ పెద్దబాపును రా అంటే ఆ తొవ్వ మూతపడ్తది,
అనకపోతే దొంగతనం.
గీతలు నీలం చేసుడు ఒక్కటే నా చేతనైతది.
అందుకే నెలనెలా రెండు రియాళ్లు
చచ్చినోని నంబరుకు ఏస్తున్న.
కార్డులమ్మే మొఫిజ్ అడుగుతడు, ఎవరిది భాయ్ అని.
ఇంటోళ్లది అంట.

మొన్న శుక్రారం బిజు నన్ను కూసోబెట్టిండు,
ఒక్కపారి మొదటికెల్లి చూడుమని.
ఎఫ్ పద్నాలుగు.
రోజూ తుడిచే కుర్చీ
గింత మెత్తగుంటదని నాకు తెల్వదు.

పిల్ల ఉన్నది!
ముందటి పన్ను ఊడి, సైకిల్ నేర్సుకుంటున్నది.
తండ్రి ఎనుక సీటు పట్టుకొని ఉరుకుతుండు,
ఇడిసిపెట్టిన అని చెప్పకుండనే ఇడిసిపెడ్తడు.
ఇంటర్వెల్ పడ్డది.
లేచి బయటికచ్చిన.
పిల్లను సైకిల్ మీదనే ఉంచి అచ్చిన.

పది దాటినా గాలి పొయ్యి ముందటి లెక్క.
గుట్టలు నల్లగ, మసీదు మెట్ల కాడ
ఎవరో మరిచిపోయిన చెప్పుల జత.
జేబుల గుయ్యిమన్నది.
"బాపూ, నువ్వు వింటవు గని మాట్లాడవు.
సరే తియ్. రేపు లెక్కల పరీక్ష.
నేనైతే చెప్తనే ఉంట."

పుట్‌పాత్ మీద కూసొని రెండోపారి విన్న.
మూడోపారికి
పదకొండు శాతమే ఉన్నదని ఫోను చెప్పింది.
రూము ఇంకా రెండు సిగ్నళ్లు అవతల.
లేచిన.
ఉరికిన.